తల ఊపడం ఆపు, తమ్ముడూ

ప్రశ్న: మాస్టారూ, నాది సోంపేట దగ్గర ఒక పల్లె. పేరు వేయవద్దు. పదో తరగతి తర్వాత ఐటీఐ చదివి, వెల్డింగ్ నేర్చుకుని సౌదీ వచ్చాను. జుబైల్‌లో పెట్రోకెమికల్ ప్లాంట్లలో పైపు వెల్డర్‌ని. పనిలో నాకు మంచి పేరుంది. ఎక్స్‌రేలో నా వెల్డింగ్ జాయింట్లు రిపేరుకు రావడం చాలా అరుదు. కానీ భాష రాదు. ఒడియా వచ్చు, అది ఇక్కడ పనికిరాదు. హిందీ ముక్కలు ముక్కలుగా అర్థమవుతుంది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను, ఎవరైనా గబగబా మాట్లాడితే అందదు. అరబ్బీ అసలే రాదు. పొద్దున, ఆ రోజు పని, జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ మీటింగులో అందరితో పాటు తల ఊపి సంతకం పెడతాను. ఈ మధ్య వెస్సెల్ అనే ఒక పెద్ద మూసిన ఇనుప పాత్రలోకి దిగబోతుంటే ఒక నేపాలీ కుర్రాడు చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. లోపల ఆర్గాన్ ఉంది, ఇవాళ ఎవరూ దిగకూడదని పొద్దున్నే చెప్పారట. నేను విన్నాను, తలా ఊపాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు నన్ను ఛార్జ్‌హ్యాండ్‌ని చేస్తామంటున్నారు. జీతం పెరుగుతుంది, కానీ పదిమందికి చెప్పి చేయించాలి. ఊళ్ళో నలుగురిలో మాట్లాడేవాడిని, ఇక్కడ మూగవాడినయ్యాను. ఒప్పుకోవాలా, సర్దుకుని ఇంటికి వచ్చేయాలా? మా తమ్ముడు పది తప్పి వెల్డింగ్ నేర్చుకుంటున్నాడు. వాడిని ఇటు పంపాలా, వద్దా?

సమాధానం:

తమ్ముడూ, జీతం, ఛార్జ్‌హ్యాండ్ ఉద్యోగం తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ వెస్సెల్ సంగతి.

ఆర్గాన్ నీకు రోజూ చేతిలో ఉండే గ్యాసు. టిగ్ వెల్డింగ్ చేసేటప్పుడు టార్చిలోంచి వచ్చేది అదే, స్టీలు పైపు లోపలి గాలిని తరిమేయడానికి (పర్జింగ్) నింపేదీ అదే. విషం కాదు కాబట్టి దాన్ని చూసి ఎవరూ భయపడరు. అది గాలికన్నా బరువైనది. వెస్సెల్ అడుగున చేరి ఆక్సిజన్‌ని బయటికి నెట్టేస్తుంది. రంగు లేదు, వాసన లేదు. దిగినవాడికి ఊపిరి ఆడనట్టు కూడా అనిపించదు, మామూలుగా పీలుస్తూనే ఉంటాడు. కొద్ది ఊపిరుల్లో స్పృహ పోతుంది. అతన్ని చూసి కంగారుపడి దిగిన రెండోవాడూ అక్కడే పడిపోతాడు. లోపల ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గితే మనిషి దిగకూడదన్న నియమం అందుకే పెట్టారు. ఆ నేపాలీ కుర్రాడు నిన్ను పట్టుకోకపోతే ఈ ఉత్తరం నాకు వచ్చేది కాదు. ఈ శుక్రవారం అతన్ని భోజనానికి పిలువు. అతను నీకు ఇంకా చాలా విధాలుగా అవసరమవుతాడు, అది కింద చెబుతాను.

భాష రాకపోవడం లోటు. రాని భాషలో చెప్పిన మాటకు తల ఊపడం ప్రమాదం. నువ్వు ఈ రెండింటినీ ఒకటిగా చూస్తున్నావు, అందుకే ఇంటికి వచ్చేయాలా అని అడుగుతున్నావు. లోటు తీరడానికి ఏళ్ళు పట్టవచ్చు, పూర్తిగా తీరకపోనూ వచ్చు. తల ఊపడం మాత్రం రేపు పొద్దున మీటింగులోనే ఆపవచ్చు. నా సమాధానంలో అసలు మాట ఇదే. మిగతాదంతా దీని చుట్టూ అల్లుకున్నదే.

గల్ఫ్ సైట్లలో సేఫ్టీ విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసినవాడిగా ఆ మీటింగు అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో చెబుతాను. ఎదురుగా ముప్ఫయ్‌మంది నిలబడి ఉంటారు. చెప్పవలసినది చెప్పగానే ముప్ఫయ్ తలలూ ఊగుతాయి. రిజిస్టరు చేతులు మారుతుంది, సంతకాలు పడతాయి. అందరికీ అర్థమైందనుకుని సూపర్‌వైజర్ వెళ్ళిపోతాడు. ఎవరికి ఎంత అందిందో అతనికి కనిపించదు. మనవాళ్ళు తల ఊపడానికి కారణాలూ నాకు తెలుసు. పెద్దవాళ్ళు చెబుతుంటే మళ్ళీ అడగడం మర్యాద కాదని పెరిగాం. పక్కవాడికి అర్థమైనట్టుంది, నాకొక్కడికే కాలేదేమోనన్న సిగ్గు ఉంటుంది. పని రానివాడని వెనక్కి పంపేస్తారేమోనన్న భయం, ఊళ్ళో తీర్చవలసిన అప్పు కళ్ళ ముందు తిరగడం కూడా ఉంటాయి. ఇవన్నీ నిజమైన కారణాలే. అయినా వెస్సెల్‌లో ఉన్న గ్యాసుకు వీటిలో ఒక్కటీ తెలియదు.

కాబట్టి రేపటి నుంచి ఇలా చెయ్యి. అర్థం కాకపోతే హిందీలో 'సమఝ్ నహీ ఆయా, ఫిర్ సే బోలో' అను. ఎదుటివాడు అరబ్బు అయితే 'మాఫీ మాలూమ్' (తెలియదు) అను. గల్ఫ్‌లో కూలీల నుంచి షేకుల దాకా అందరికీ తెలిసిన మాట అది. అర్థమైందనిపించినా అక్కడితో ఆగకు. విన్నదాన్ని నీకు వచ్చిన ముక్కల్లోనే తిరిగి చెప్పు. 'ఆజ్ వెస్సెల్ అందర్ నహీ జానా. ఆర్గాన్ హై. బాహర్ కా జాయింట్ కర్నా. సహీ?' వ్యాకరణం ఎవరూ చూడరు. తప్పుగా అర్థం చేసుకుంటే అక్కడే బయటపడుతుంది, అక్కడే సరిచేస్తారు. విమానం నడిపేవాళ్ళు కంట్రోల్ టవర్ నుంచి వచ్చిన ఆదేశాలను మళ్ళీ పైకి చెప్పి తీరాలి. వాళ్ళకు ఇంగ్లీషు రాదని కాదు, ఒక్క అంకె తప్పుగా వినబడినా ప్రాణాలు పోతాయని. నువ్వు చేసేదీ అంత గౌరవమైన పనే. మొదట్లో ఎవరో నవ్వుతారు. నవ్వనీ. కొన్నాళ్ళకు నీ దగ్గరికి వచ్చేసరికి వాళ్ళే ఆగి, నువ్వు తిరిగి చెప్పేదాకా ఎదురుచూస్తారు.

పని ఆపే హక్కు కూడా నీకుంది. పెద్ద ప్లాంట్లలో దాన్ని స్టాప్ వర్క్ అంటారు. హెల్పర్ దగ్గర నుంచి ఇంజినీరు దాకా ఎవరైనా, ప్రమాదం అనిపిస్తే పని ఆపించవచ్చు. దానికి కావలసిన భాష ఒక చెయ్యి పైకెత్తడమే.

ఇక భాష దగ్గరికి వద్దాం. 'భాష రాదు' అని ఒక్క ముక్కలో రాశావు గానీ, నువ్వున్న చోట పనులు మూడు భాషల్లో పంచుకుని నడుస్తాయి. సైటులో మనుషుల మధ్య హిందీ. మలయాళీ అయినా, బెంగాలీ అయినా, పాకిస్తానీ అయినా, నేపాలీ అయినా మధ్యలో కలుసుకునేది ఆ విరిగిన హిందీలోనే. కాగితం మీద, బోర్డుల మీద ఇంగ్లీషు. ప్రభుత్వం, పోలీసు, కోర్టు, ఆసుపత్రి కౌంటరు దగ్గర అరబ్బీ. మూడింటిలో ఏ ఒక్కదాన్నీ నువ్వు గడగడా మాట్లాడనవసరం లేదు. హిందీ వినగలగాలి, ఇంగ్లీషు నీ పనికి సంబంధించినంత వరకు చదవగలగాలి, అరబ్బీ అంకెలు, కొన్ని అవసరపు మాటలు తెలియాలి. ముందు హిందీ పట్టుకో. సౌదీలో ఉంటూ హిందీ నేర్చుకోమంటున్నానేమిటని అనుకోకు. నీ ప్రాణం రోజూ ఆధారపడేది ఆ భాష మీదే.

ఒడియా పనికిరాదని రాశావు. దానికి నేను ఒప్పుకోను. ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్ళు ఒడియా ఏ బడిలో నేర్చుకున్నారు? సంతలో, బరంపురం ఆసుపత్రి వరండాలో, పెళ్ళిళ్ళలో, వింటూ నేర్చుకున్నారు. అంటే ఒక పరాయి భాషను పుస్తకం ముట్టకుండా నేర్చిన చెవి నీకు ముందే ఉంది. పైగా ఒడియా, హిందీ దగ్గరి చుట్టాలు. పాణి పానీ అవుతుంది, కామొ కామ్ అవుతుంది, ఘొరొ ఘర్ అవుతుంది. ఒడియా రానివాడికి హిందీ దూరం, నీకు సగం తెలిసిన దారి. సైటుకు వెళ్ళే బస్సులో మనవాళ్ళ పక్కన కాకుండా ఆ నేపాలీ కుర్రాడి పక్కన కూర్చో. అతని హిందీ కూడా నేర్చుకున్నదే కాబట్టి నిదానంగా, చిన్న చిన్న వాక్యాల్లో మాట్లాడతాడు. కొత్తగా నేర్చుకునేవాడికి అలాంటి గురువు దొరకడం అదృష్టం. రాత్రి మళ్ళీ మన గదికే వచ్చి పడుకో. మన భాషలో తిని, మన భాషలో నవ్వి నిద్రపోవడం మనిషికి అవసరం, దాన్ని వదులుకోమని నేను ఎవరికీ చెప్పను.

ఇంగ్లీషు సంగతి ఇంకా తేలిక. నీకు కావలసిన ఇంగ్లీషంతా రెండు మూడు కాగితాల మీదే ఉంటుంది. అందులో ముఖ్యమైనది పర్మిట్, అంటే పని మొదలుపెట్టడానికి ఇచ్చే అనుమతి కాగితం. వెల్డింగ్ లాంటి నిప్పు పనికి ఇచ్చే హాట్ వర్క్ పర్మిట్ ఫారం రోజూ ఒకటే, అడిగే ప్రశ్నలూ అవే. ఏ లైను, ఏ పరికరం, గ్యాస్ టెస్ట్ చేశారా, ఎన్ని గంటలకు చేశారు, అంకె ఎంత, లైనుకు మూత బిగించి బ్లైండ్ చేశారా, ఎవరూ వేయకుండా కరెంటుకు తాళం పెట్టి లాకౌట్ చేశారా, ఫైర్ వాచ్ (నిప్పు అంటుకోకుండా కాపలా) ఎవరు, పర్మిట్ ఎన్ని గంటల దాకా చెల్లుతుంది. ప్లాంటులోకి ఫోను రానివ్వరు కాబట్టి సేఫ్టీ ఆఫీసులో ఖాళీ ఫారం ఒకటి అడిగి తెచ్చుకో. నేర్చుకోవడానికంటే ఎవరూ కాదనరు. శుక్రవారం కూర్చుని ఒక్కో గడి పక్కన తెలుగులో రాసుకో. 'నాట్', 'డు నాట్', 'అంటిల్', 'ఓన్లీ' అన్న మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టు. చేయకూడనిది చెప్పేవి, ఎప్పటిదాకా ఆగాలో చెప్పేవి ఆ మాటలే. అవి జారిపోతేనే ప్రమాదం. ఆ ఒక్క కాగితం పూర్తిగా వచ్చిన రోజున, మీటింగులో చెప్పేది సగానికి పైగా నీకు ముందే తెలిసినదిగా వినబడుతుంది. ఎందుకంటే వాళ్ళు చదివేది ఆ కాగితమే.

అంకెలు కూడా చూడు. గ్యాస్ టెస్ట్ పొద్దున ఆరింటికి చేసి, నువ్వు పని మొదలుపెట్టేది పదింటికైతే మళ్ళీ టెస్ట్ చేయమని అడుగు. పని ముగిశాక కూడా ఫైర్ వాచ్ కనీసం అరగంట అక్కడ ఉండాలి. గడియారం చూపిస్తూ అడగడానికి భాష ఎంత కావాలి?

అలారం గురించి ఇక్కడే చెప్పాలి. జుబైల్ లాంటి చోట హైడ్రోజన్ సల్ఫైడ్ భయం ఉంటుంది. తక్కువగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద) ప్రాంతానికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసన తెలియడం మానేస్తుంది. వాసన పోయింది కాబట్టి గ్యాసు పోయిందనుకుంటే అంతే సంగతులు. చొక్కాకు తగిలించిన మీటర్లు సాధారణంగా 10 పీపీఎం దగ్గర మోగుతాయి. మోగితే గాలి గుడ్డ ఎటు ఊగుతోందో చూసి, గాలికి ఎదురుగా గానీ అడ్డంగా గానీ వెళ్ళాలి. పడిపోయినవాడి దగ్గరికి ఊపిరి సిలిండరు లేకుండా పరుగెత్తకూడదు. మీ ప్లాంటులో గ్యాసు అలారం ఎలా మోగుతుంది, నిప్పు అలారం ఎలా మోగుతుంది, అంతా క్షేమం అని చెప్పేది ఎలా ఉంటుంది, అందరూ చేరవలసిన అసెంబ్లీ పాయింటు ఎక్కడ, ఇవి సైటు మారినప్పుడల్లా మొదటి రోజే అడిగి తెలుసుకో. సైరన్ మోగాక మైకులో అరబ్బీ, ఇంగ్లీషు వస్తాయి. అప్పుడు అర్థం చేసుకుందామంటే కుదరదు.

నీ ఉత్తరంలో లేని ఒక సంగతి అడుగుతాను. కంపెనీతో మీ గది తరఫున ఎవరు మాట్లాడతారు? ఎవరో ఒకరు ఉండే ఉంటారు. హిందీ బాగా వచ్చినవాడు, ముందు వచ్చినవాడు, మన జిల్లావాడే కావచ్చు. సెలవు అడగాలన్నా, జీతంలో కోత ఎందుకో కనుక్కోవాలన్నా, ఆసుపత్రికి వెళ్ళాలన్నా అతనే. అతను మంచివాడే కావచ్చు. కానీ మన ప్రాంతానికి ఈ విషయంలో పాత చరిత్ర ఉంది. ఒకప్పుడు కళింగపట్నం, భీమిలి రేవుల్లో స్టీమరెక్కి మన జిల్లాల నుంచి వేలమంది రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళారు. ఓడరేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ మోత పని. వాళ్ళను తీసుకెళ్ళేవాడు మేస్త్రీ. ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చేదీ అతనే, టిక్కెట్టు కొనేదీ అతనే, అక్కడ దొరలతో మాట్లాడేదీ అతనే, కూలి డబ్బు చేతికి వచ్చేదీ అతని ద్వారానే. అందులోంచి ఎంత పట్టుకున్నాడో అడగడానికి కూలీకి భాషా లేదు, దారీ లేదు. నీ మాట ఇంకొకడి నోట్లో ఉన్నప్పుడు నీ కూలి కూడా అతని చేతిలోనే ఉంటుంది. స్టీమరు పోయి విమానం వచ్చినా ఇది మారలేదు. అందుకే జీతం, సెలవు, ఆరోగ్యం, ఈ మూడూ ఎంత తడబడినా నువ్వే స్వయంగా వెళ్ళి మాట్లాడు. కావాలంటే అతన్ని పక్కన నిలబెట్టుకో. నీ ముందు నిలబెట్టుకోకు.

కాగితాలూ అంతే. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఒప్పందం రెండు భాషల్లో ఉంటే అరబ్బీలో ఉన్నదే చెల్లుతుంది. ఇంగ్లీషు పక్కన ఎంత జీతం రాసి ఉన్నా అరబ్బీ పక్కన అదే అంకె ఉందో లేదో చూడాలి. ఆ అంకెలు ఒక్క సాయంత్రంలో వచ్చేస్తాయి. చుక్క పెడితే సున్నా. గుండ్రంగా మన సున్నాలా కనిపించేది అయిదు. మనం రాసే 7 లాంటిది ఆరు. ఇంగ్లీషు 'వి' అక్షరంలా నోరు తెరిచి ఉంటే ఏడు, తలకిందులైతే ఎనిమిది. ఎడమ నుంచి కుడికే చదవాలి. 1500 అని రాసి ఉంటే నిలువు గీత, గుండ్రం, రెండు చుక్కలు. తేదీల దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది. హిజ్రీ సంవత్సరం మన క్యాలెండరు కన్నా సుమారు పదకొండు రోజులు చిన్నది. ఇకామా (సౌదీలో ఉండడానికి ఇచ్చే అనుమతి కార్డు) గడువు హిజ్రీలో రాసి ఉంటే మన తేదీలోకి మార్చి గోడ మీద రాసుకో. నీ ఒప్పందం కివా అనే ప్రభుత్వ వేదికలో నమోదై ఉండాలి. నీ ఫోనులోనే తెరిచి చూసుకోవచ్చు.

అన్నిటికన్నా ప్రమాదమైన కాగితం చివర్లో వస్తుంది. 'నాకు రావలసిన బకాయిలన్నీ ముట్టాయి' అని అరబ్బీలో రాసి, ఇంటికి వెళ్ళే తొందరలో ఉన్నవాడి ముందు పెడతారు. సంతకం పెట్టాక ఆ డబ్బు రాబట్టుకోవడం చాలా కష్టం. ఏ కాగితమైనా 'కల్ సైన్ కరూంగా' (రేపు సంతకం పెడతాను) అని చెప్పి ఫోటో తీసుకో. తెలిసినవాడితో చదివించుకో. ఫోనులో అనువాదం చేసే యాప్‌లు మందుల షాపులో, కూరగాయల దుకాణంలో బాగానే పనికొస్తాయి. ఒప్పందాల విషయంలో, పర్మిట్ల విషయంలో వాటిని నమ్ముకోకు. ఒక్క 'లేదు' తారుమారైతే అర్థం మొత్తం తిరగబడుతుంది. గొడవ ముదిరితే రియాద్‌లో మన రాయబార కార్యాలయం ఉంది, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు.

ఆసుపత్రి గురించి ఉద్దానం వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను గుల్ల చేసిందో నీకు నేను చెప్పనక్కరలేదు. అక్షరం ముక్క రాని అవ్వకు కూడా మన దగ్గర క్రియాటినిన్ అన్న మాట తెలుసు, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష అది. అది ప్రపంచంలో ఏ డాక్టరుకైనా అర్థమయ్యే మాట. ఎండలో, వెల్డింగ్ వేడిలో పనిచేస్తావు, చెమటతో నీరంతా పోతుంది. నడుము నొప్పని క్యాంపు క్లినిక్‌కి వెళితే నొప్పి మాత్రలు చేతిలో పెడతారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీలకు చేటు. నీ ప్రాంతం సంగతి ఆ డాక్టరుకు తెలియదు, నువ్వు చెప్పకపోతే తెలిసే దారీ లేదు. ఒక చిన్న అట్ట మీద ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ రాయించుకుని పర్సులో పెట్టుకో: రక్తం గ్రూపు, వాడే మందులు, పడని మందులు, 'మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువ, ఈ నొప్పి మాత్రలు ఇవ్వవద్దు, క్రియాటినిన్ పరీక్ష చేయండి'. అంబులెన్సుకు 997. సెలవుకు వచ్చినప్పుడు పలాసలో ఒకసారి పరీక్ష చేయించుకుని ఆ కాగితం వెంట తీసుకెళ్ళు. దీన్ని వాయిదా వేయవద్దు.

'మూగవాడినయ్యాను' అని రాశావు. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఊళ్ళో తగవు వస్తే నలుగురూ పిలిచే మనిషి, చవితి పందిరి దగ్గర అందరినీ నవ్వించే మనిషి, అక్కడ 'అరే' అని పిలిపించుకుంటాడు. మెదడు అదే, చేయి అదే, అయినా ఎదుటివాడి కళ్ళలో తెలివి తక్కువవాడిగా కనిపిస్తాడు. పని కష్టం కన్నా ఇది ఎక్కువ నొప్పి. కొందరు దీనికి గదిలో మంచం మీద ఫోనుతో ముడుచుకుపోతారు, కొందరు తాగుడులో పడతారు, కొందరు ఇంటికి ఫోను చేసి భార్య మీద విసుక్కుంటారు. నువ్వు ఉత్తరం రాశావు, అది నయమైన దారి. నువ్వు చిన్నవాడివి కాలేదు తమ్ముడూ. నీ జాయింటును ఎక్స్‌రే తీసినవాడికి నీ హిందీ ఎలా ఉందో అక్కర్లేదు, అతను ఫిల్ము మీద నీ పనితనం చూస్తున్నాడు. అది చూసే నీకు ఛార్జ్‌హ్యాండ్ ఇస్తామంటున్నారు. నీకు భాష రాదని వాళ్ళకు తెలియదనుకుంటున్నావా? తెలిసే అడిగారు.

అందుకని ఒప్పుకోమనే నా సలహా. కానీ రేపే కాదు. రెండు సంగతులు అడుగు. ఒకటి, కొన్ని వారాలు ఇప్పుడున్న ఛార్జ్‌హ్యాండ్ పక్కన ఉండి పర్మిట్ తీసుకోవడం, రోజువారీ రిపోర్టు రాయడం నేర్చుకోనివ్వమను. ఆ రిపోర్టు కూడా రోజూ ఒకే తీరులో ఉంటుంది, పాతవి నాలుగు చూస్తే పట్టుబడుతుంది. రెండు, వెస్సెల్ లోపలి పని, గ్యాసు లైను పని ఉన్న రోజున ఆదేశాలు కాగితం మీద రాసివ్వమను, సేఫ్టీ మనిషి పక్కన ఉండగా తిరిగి చెప్పి మొదలుపెడతానను. బుద్ధి ఉన్న కంపెనీ ఈ రెండింటికీ సంతోషిస్తుంది. కుదరదు, రేపటి నుంచే చెయ్యి అంటే వద్దని చెప్పు. వెల్డర్‌గానే ఉండు, అందులో ఏ తక్కువా లేదు. పెరిగే జీతం కోసం ఇంకొకరి బిడ్డను వెస్సెల్‌లోకి దింపే బాధ్యత చెవులు మూసుకుని తీసుకోకూడదు.

ఒప్పుకున్నాక ఒకటి గుర్తుంచుకో. నీ చేతి కింద బెంగాలీలు, నేపాలీలు, మన సోంపేట కుర్రాళ్ళు ఉంటారు. వాళ్ళు నీ హిందీకి తల ఊపుతారు. నువ్వు ఊపినట్టే. ఆ తల ఊపును ఒప్పుకోకు. 'క్యా సమఝా, బోలో' అని ఒక్కొక్కరిని అడుగు, వాళ్ళ నోటితో చెప్పించు. కొత్తగా వచ్చినవాడిని ముందు అడగకు, సిగ్గుపడతాడు. పాతవాడు చెప్పింది విన్నాక కొత్తవాడిని అడుగు. మన కుర్రాళ్ళకు తెలుగులో విడమరిచి చెప్పు గానీ, వాళ్ళ జీతం మాట, సెలవు మాట వాళ్ళనే వెళ్ళి మాట్లాడుకోనివ్వు. నువ్వు మేస్త్రీవి కావద్దు.

ఇంటికి వచ్చేయాలా అని కూడా అడిగావు. అప్పు తీరిపోయి, ఊళ్ళో చేసుకునే పని ఉంటే రావచ్చు, అది నీ ఇష్టం. భాషకు భయపడి మాత్రం రావద్దు.

ఇక మీ తమ్ముడు. పంపు, కానీ తొందరపడి కాదు. వెల్డింగ్ నేర్చుకుంటున్న ఈ నెలల్లోనే రోజూ ఒక గంట హిందీ విననివ్వు, మాట్లాడనివ్వు. హిందీ తెలియకుండా నువ్వు పడ్డ కష్టం వాడు పడనక్కరలేదు. పది తప్పాడు కాబట్టి వాడికి వచ్చేది ఈసీఆర్ (పనికి వెళ్ళేముందు ప్రభుత్వ తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టు. ఆ పాస్‌పోర్టుతో సౌదీకి పనికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి తప్పనిసరి. ఈ పద్ధతి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నడుస్తోంది. దీన్ని తప్పించడానికి కొందరు ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపుతామంటారు. ఎంత తెలిసినవాడైనా, ఎంత దగ్గరి చుట్టమైనా ఆ దారికి ఒప్పుకోవద్దు. అలా వెళ్ళినవాడికి అక్కడ ఒప్పందం ఉండదు, ఏదైనా జరిగితే అడిగే హక్కూ ఉండదు. ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగిన రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపైన జీఎస్‌టీ. లక్షలు అడిగేవాడు చట్టం దాటి అడుగుతున్నాడని అర్థం. ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. బయలుదేరే ముందు ఇచ్చే ఒకరోజు శిక్షణకు వెళ్ళమను. ఒప్పందం కాపీ ఒకటి ఇంట్లో అమ్మ దగ్గర ఉంచమను.

డబ్బు కట్టే ముందు ఆ ఏజెంటు లైసెన్సు నంబరు నాకు రాసి పంపండి. చూసి చెబుతాను.